ఐమూల కట్టె

అస్గర్ బొగ్గుబాయి దిగడం మానేసి అప్పటికి రెండేళ్లయింది. నడుములో పూస తప్పిందని కంపెనీ దవాఖానలో తేల్చాక, ఇరవై ఆరేళ్లు భూమి లోపల ఫిట్టరుగా, హెడ్ ఫిట్టరుగా పనిచేసిన మనిషిని పైకి తెచ్చి వర్క్‌షాపులో ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. విరిగిన పనిముట్లు బాగుచేయడం, సుత్తెలకు పిడులు వేయడం, నూనె పట్టించడం అతని పని. పొద్దున సైరను మోగితే వెళ్లడం, మధ్యాహ్నం మోగితే రావడం. గోదావరిఖనిలో తన ఈడువాళ్లలాగే అతనూ రిటైర్మెంటు ఎప్పుడొస్తుందా అని రోజులు ఈడుస్తున్నాడు.

1991లో దసరా సెలవులు అయిపోయాక కంపెనీ సంక్షేమాధికారి అతన్ని పిలిపించాడు. బల్ల మీద ఒక పలుచని పుస్తకం ఉంది. ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసరు ఎవరో రాసినది. బడిపిల్లలు చదవడం, రాయడమే కాకుండా తమకున్న కష్టానికి తామే ఒక వస్తువు ఆలోచించి, గీసి, చేసి చూడాలట. పిల్లలతో అట్లా చేయించడం ముందు పంతుళ్లకు నేర్పాలట. శనివారం మధ్యాహ్నాలు, పన్నెండు మంది పంతుళ్లు. పనిముట్లు తెలిసిన మనిషి ఒకరు కావాలి.

"సార్, నేను ఎనిమిదో తరగతి ఫెయిల్. పంతుళ్లకు నేనేం నేర్పాలె?" అన్నాడు అస్గర్.

"నేర్పేదేం లేదు. సుత్తె పట్టుడు చూపియ్యి. సంతకాలు తీసుకో. పో," అన్నాడు ఆఫీసరు. అతనికీ ఆ పథకం మీద పెద్ద ఆశ ఉన్నట్టు లేదు.

అస్గర్‌కు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. పుస్తకం ముగించడానికి నాలుగు రోజులు పట్టింది. కష్టం ఏమిటో కనుక్కోండి, కొలవండి, బొమ్మ గీయండి, చేయండి, పరీక్షించండి, చెడితే మార్చండి అని ఉంది అందులో. ఇది కొత్త సంగతేమీ కాదు. బొగ్గు టబ్బులను లాగే హాలేజీ దగ్గర ఇంజను ఆగిపోయి, పైనుంచి సామాను రానప్పుడు తను జీవితమంతా చేసింది అదే. దానికి ఇన్ని పేజీలు ఎందుకు పట్టాయో అతనికి అర్థం కాలేదు. ఎందుకు పట్టాయో మొదటి శనివారమే అర్థమైంది.

బడిలో చివరి గది. పై రేకుల వేడి ఇంకా దిగలేదు. చుట్టుపక్కల బడులవాళ్లతో కలిపి పన్నెండు మంది పంతుళ్లు పిల్లల బెంచీల్లో ముడుచుకుని కూర్చున్నారు. కూరగాయల సంచులు కాళ్ల దగ్గర ఉన్నాయి. ఒకరు గడియారం చూస్తున్నారు, ఇంకొకరు బెంచీ మీద తల వాల్చి ఏకంగా నిద్రపోతున్నారు. పొద్దంతా యాభై, అరవై మంది పిల్లలతో అరిచి అరిచి గొంతులు పోయిన మనుషులు. అది చాలదన్నట్టు ఓటర్ల లిస్టులు వాళ్లే రాయాలి, అక్షరాస్యత సర్వేకు ఇల్లిల్లూ వాళ్లే తిరగాలి. వారమంతటిలో మిగిలిన ఆ ఒక్క పూటను అస్గర్ తీసుకున్నాడు. వాళ్ల మొహాలు చూస్తే అతనికి నైట్ షిఫ్టు దిగి మనుషులను పైకి లాగే కేజీ దగ్గర లైన్లో నిలబడ్డ మనుషులు గుర్తొచ్చారు.

వాళ్లలో అందరికంటే పెద్దాయన రాయమల్లు సారు. యాభై ఆరేళ్లుంటాయి. ఆ బడిలోనే ఏడో తరగతికి లెక్కలు, సైన్సు చెబుతాడు. బక్కపలచని మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు.

"అస్గర్ భాయ్, ఒక మాట అడుగుత. ఈ సామాన్ల మీద పరీక్షల ప్రశ్న అస్తదా?" అన్నాడాయన.

"రాదు సారూ."

"మరెందుకు?"

అస్గర్ సంతకాల కాగితం ముందుకు జరిపాడు. "నాక్కూడా డ్యూటీ వేసిన్రు సారూ," అన్నాడు. కొందరు నవ్వారు. ఆ నవ్వుతో మొదటి శనివారం గడిచిపోయింది.

తర్వాతి వారాల్లో వర్క్‌షాపు చెత్తలోంచి రేకు ముక్కలు, చెక్కలు, అరిగిన రంపం బ్లేడ్లు సంచిలో వేసుకొచ్చేవాడు. మేకు కొట్టబోయి వేలు కొట్టుకునేవాళ్లు కొందరు. రంపం పట్టుకుంటే వీణ పట్టుకున్నట్టు పట్టుకునేవాళ్లు కొందరు. వంకరగా కోస్తుంటే అస్గర్‌కు ఒళ్లు జిల్లుమనేది. "ఇటియ్యండి, ఇటియ్యండి," అని చేతిలోంచి తీసుకుని రెండు ఊపుల్లో కోసి ఇచ్చేవాడు. నెలన్నర గడిచేసరికి బల్ల మీద పన్నెండు చిన్న స్టూళ్లు వరసగా నిలబడ్డాయి. నలుపలకలుగా, ఒక్కటి కూడా కదలకుండా.

అందరూ వెళ్లిపోయాక రాయమల్లు సారు ఒక్కడు ఆగాడు. ఒక స్టూలు తిప్పి చూసి కింద పెట్టాడు.

"పన్నెండు తయారైనయి అస్గర్ భాయ్. పన్నెండూ నీయే. మా చేతులకెల్లి గుంజుకుని నువ్వే చేసినవ్. రేపు క్లాసుల మేమూ గట్లనే పిల్లల చేతులకెల్లి గుంజుకుంటం. ముప్ఫై ఏండ్ల సంది చేస్తున్నది అదే. అది నేర్చుకునేటందుకు శనారం రావుడెందుకు?"

కోపంగా అనలేదాయన. అలసిపోయిన గొంతుతో, ఉన్న మాట చెప్పినట్టు చెప్పాడు. అందుకే అస్గర్‌కు మరీ గట్టిగా తగిలింది. ఇంటికి వెళ్లి అన్నం ముందు ఊరికే కూర్చుంటే భార్య ఖాతూన్ ఏమైందని అడిగింది: "క్యా హువా జీ?"

"కుచ్ నై," అన్నాడు. కాసేపాగి, పంతులు ఒకాయన తనకు పాఠం చెప్పాడన్నాడు.

ఆ తర్వాతి శనివారం నుంచి అస్గర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం మొదలుపెట్టాడు. నిజంగానే ఒక చేత్తో రెండో చేతి మణికట్టు పట్టుకునేవాడు, లేకపోతే అవి ఊరుకునేవి కావు. వంకర కోతలు కోశారు, మేకులు వంచారు, అతికించినవి ఊడాయి. "ఎట్ల భాయ్?" అని అడిగితే "మీకెట్ల అనిపిస్తంది?" అని తిరిగి అడిగేవాడు. కొందరికి అది అవమానంగా తోచింది. ఏమీ తెలియనట్టు పంతుళ్లను నిలబెడతాడా ఈ ఫిట్టరు అనుకున్నారు. పన్నెండు మంది ఏడుగురయ్యారు, సంక్రాంతి సెలవులు దాటేసరికి అయిదుగురు మిగిలారు. రాయమల్లు సారు మాత్రం మానలేదు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి సణుగుతూనే వచ్చేవాడు.

ఒక శనివారం అస్గర్ చీపురు పుల్లలు, సైకిల్ వాల్‌ట్యూబు ముక్కలు తెచ్చాడు. ట్యూబు ముక్కతో పుల్లల కొసలు కలుపుతూ నాలుగు పుల్లలతో ఒక చదరం చేయమన్నాడు. వేలితో నెడితే అది పక్కకు ఒరిగిపోయింది. మూడు పుల్లలతో ముక్కోణం చేయమన్నాడు. ఎంత నెట్టినా ఆకారం మారలేదు. చదరం మధ్యలో ఐమూలగా, ఈ మూల నుంచి ఆ మూలకు, ఒక పుల్ల వేస్తే అదీ నిలబడింది. "బాయిల కప్పు కూలకుండ టింబరు నిలిపినా, పైన బ్రిడ్జి కట్టినా సంగతి గిదే," అన్నాడు. అయిదుగురూ నోటుబుక్కుల్లో 'త్రిభుజం దృఢమైనది' అని రాసుకుని, కింద గీత గీసుకున్నారు.

ఫిబ్రవరిలో రాయమల్లు సారు తన ఏడో తరగతిలో ఆ పని మొదలుపెట్టాడు. బడిలో మీకు కష్టమైనదేమిటని యాభై ఎనిమిది మందిని అడిగాడు. ఆడపిల్లలు నీళ్ల డ్రమ్ము అన్నారు. వరండాలో చిన్నపిల్లల నిలువెత్తు ఇనుప డ్రమ్ము. ఒకటో తరగతి పిల్లలు అంచు పట్టుకుని వేలాడుతూ లోపలికి గ్లాసు ముంచాలి. ఒకసారి ఒక పిల్ల తలకిందులుగా పడితే కాళ్లు పట్టి లాగారు. ఎత్తుగా ఒక స్టాండు చేసి, దాని మీద డ్రమ్ము పెట్టి, అడుగున నల్లా బిగిస్తే సరిపోతుందని ఒక పిల్ల చెప్పింది. పేరు సారలమ్మ. తండ్రి కొమురెల్లి బాయిలో ఫిల్లరు, తట్టలతో బొగ్గు నింపే పని. చిన్నపిల్లల చేతులు ఎంత ఎత్తుకు అందుతాయో గోడ మీద సుద్దతో గుర్తులు పెట్టి కొలిచింది కూడా ఆ పిల్లే. వంటచెరుకుకని ఇళ్లకు తెచ్చుకున్న పాత కట్టెల్లో గట్టివి ఏరి తెచ్చారు. పదిహేను రోజులు పట్టింది.

ఒక గురువారం మధ్యాహ్నం వర్క్‌షాపులో గంట పర్మిషన్ అడిగి అస్గర్ చూడ్డానికి వచ్చాడు. స్టాండు వరండాలో నిలబడి ఉంది. నాలుగు కాళ్లు, పైన బద్దలు, ప్రతి మూలకూ మూడు మేకులు. రాయమల్లు సారు మొహంలో అంతకు ముందెన్నడూ చూడని వెలుగు. పిల్లలు చుట్టూ మూగారు.

అస్గర్ బొటనవేలితో పై బద్దను కొంచెం నెట్టాడు. స్టాండు ఒక అంగుళం పక్కకు పోయి మళ్లీ వచ్చింది. ఐమూల కట్టె లేదు. నాలుగు వైపుల్లో ఒక్క వైపు కూడా లేదు.

మాట నోటి దాకా వచ్చింది. రాయమల్లు సారు అతని వైపే చూస్తున్నాడు. చేతులు వెనక్కి పోయాయి. ఇప్పుడు చెబితే ఇది కూడా నాదే అయిపోతుంది, వాళ్లే పరీక్ష చేసుకుంటారు, ఊగితే వాళ్లే కనుక్కుంటారు అనుకున్నాడు.

"బాగుంది సారూ," అన్నాడు. "నింపే ముందు ఒకసారి పరీక్ష చెయ్యుండ్రి."

"రేపు చేస్తం," అన్నాడు రాయమల్లు సారు.

రేపు ఆయన బడిలో లేడు. పొద్దున్నే సర్వే కాగితాల కోసం మండలాఫీసుకు రమ్మని మనిషి వచ్చాడు. పదకొండింటికి ఎండ ఎక్కింది. స్టాండు తయారై వరండాలో ఉంది కదా అని హెడ్‌మాస్టరు, పిల్లలు పెద్దసారు అనే ఆగయ్య సారు, డ్రమ్ము పైకి ఎక్కించి నింపమన్నాడు. పిల్లలు బోరింగు నుంచి బకెట్లు మోశారు. నిండిన డ్రమ్మంటే రెండు క్వింటాళ్లు. సగం దాటాక స్టాండు ఒరిగింది.

అస్గర్‌కు సంగతి తెలిసేసరికి పన్నెండు దాటింది. దవాఖానకు వెళ్లేసరికి డ్రమ్ము కింద నలిగిన సారలమ్మ కుడి పాదానికి కట్టు వేస్తున్నారు. మూడు ఎముకలు విరిగాయన్నారు. తల్లి మల్లక్క గోడకు ఆనుకుని కింద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. కొమురెల్లి షిఫ్టు మధ్యలోనే పైకి వచ్చి, ఒంటి మీది బొగ్గుతోనే పరుగెత్తుకొచ్చాడు. అస్గర్‌ను చూసి, "నువ్వు బడికి పోతవట గదా అన్నా. ఎట్లాయె గిది?" అని అడిగాడు.

అస్గర్ అతని భుజం పట్టి పిల్ల వైపు తిప్పాడు. "ముందు బిడ్డను సూసుకో తమ్మీ," అని మాత్రం అన్నాడు.

శనివారం పొద్దున ఆగయ్య సారు తన గదిలోకి పిలిచాడు. రాయమల్లు సారు అప్పటికే అక్కడ ఉన్నాడు, రెండు రోజుల గడ్డంతో. బల్ల మీద రాసిపెట్టిన కాగితం ఉంది. విద్యార్థిని స్టాండు ఎక్కి ఆడుకుంటుండగా అది ఒరిగినదని, స్టాండు గట్టిగానే ఉండినదని, కంపెనీ తరఫున వచ్చిన శిక్షకుడు ముందురోజే చూసి బాగున్నదని చెప్పినాడని.

"ఈడ సంతకం పెట్టు," అన్నాడు ఆగయ్య సారు. "నేను చెడ్డోణ్ని గాదు అస్గర్. నాకు తొమ్మిది మంది ఉండాల్సిన కాడ అయిదుగురే ఉన్నరు. ఇది పైకి పోతే రాయమల్లు సస్పెండ్ అయితడు, రెండేండ్లల్ల రిటైర్మెంటు ఉన్న మనిషి. నేనూ పోత. పిల్లదాని మీద రాస్తే ఎవలికీ ఏం గాదు. పిల్లదానికి మటుకు ఏమయితది? చిన్నపిల్ల, ఆడింది అంటరు."

ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ మనిషి కూడా నిద్రపోలేదని అస్గర్‌కు తెలుస్తూనే ఉంది.

ఇట్లాంటి కాగితం మీద అస్గర్ ఒకసారి సంతకం పెట్టి ఉన్నాడు. పదకొండేళ్ల కిందటి మాట. పోశం అని, తనతో కలిసి నౌకరిలో చేరినవాడు. బొగ్గు టబ్బులను కలిపే కొక్కెం పిన్ను తెగి, వెనక్కి జారిన టబ్బుల కింద పడి చనిపోయాడు. పిన్ను అరిగిందని అస్గర్‌కు వారం ముందే తెలుసు. పైవాళ్లకు నోటిమాటగా ఒకసారి చెప్పాడు, మళ్లీ అడగలేదు. విచారణ కాగితంలో కార్మికుని అజాగ్రత్త అని రాశారు. అందరూ పెట్టారు, తనూ పెట్టాడు. పోశం భార్య ఇప్పటికీ కూరగాయల మార్కెట్లో ఎదురైతే, "బాగున్నవా అస్గరన్నా?" అని పలకరిస్తుంది. ఆమె కనిపిస్తే అస్గర్ దారి మళ్లి వెళ్తాడు.

"తెల్ల కాయితం ఇయ్యుండ్రి," అన్నాడు అస్గర్.

ఆగయ్య సారు ఇచ్చాడు. అస్గర్ పెన్ను పట్టుకుని, తనకు తెలుగు రాయడం సరిగా రాదని గుర్తొచ్చి, కాగితాన్ని రాయమల్లు సారు ముందుకు జరిపాడు. "నేను చెప్త, నువ్వు రాయి సారూ."

రాయమల్లు సారు రెండు పెన్నుల్లో ఒకటి తీశాడు.

"నేను గురువారం స్టాండు చూసిన. వేలితో నూకితే ఊగింది. ఐమూల కట్టె లేదు. అది లేకుంటే నిలువదని నాకు ఎరుకే. ఎరుకుండి చెప్పలేదు."

పెన్ను ఆగిపోయింది. రాయమల్లు సారు తల ఎత్తాడు.

"చూసినవా?"

"చూసిన."

"నీ మొకమే చూసుకుంట నిలబడ్డ కద భాయ్. ఏమన్న అంటవేమోనని. బాగుంది అన్నవ్ నువ్వు!"

"నువ్వే అంటివి గద సారూ, మా చేతులకెల్లి గుంజుకోకు అని. గందుకే ఊకున్న."

"చేతులు అన్న," అన్నాడు రాయమల్లు సారు. "నోరు మూసుకొమ్మన్ననా?"

బయట పిల్లలు ఎక్కం చదువుతున్నారు. రాయమల్లు సారు వంగి, మిగిలింది రాశాడు. కింద తనకు తానే ఇంకో రెండు వాక్యాలు కలిపాడు. త్రిభుజం సంగతి నోటుబుక్కులో రాసుకున్నాను గాని పిల్లలతో చేయించలేదని, పరీక్ష చేయకముందే స్టాండును వరండాలో వదిలి వెళ్లానని. ఇద్దరూ సంతకం పెట్టారు. ఆగయ్య సారు ఆ కాగితాన్నీ, తాను రాసినదాన్నీ పక్కపక్కన పెట్టుకుని తల పట్టుకున్నాడు.

"మీరిద్దరు కలిసి నన్ను ముంచుతరు," అన్నాడు. కాని తను రాసినది మడిచి డెస్కులో పడేశాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ కొమురెల్లి ఇంటికి వెళ్లారు. బాయి వెనక వరసగా ఉన్న గుడిసెల్లో ఒకటి. వాకిట్లో బొగ్గు పొయ్యి పొగ. కొమురెల్లి మంచం మీద నుంచి లేచి, ఆ మంచమే వాళ్లకు వేశాడు. అస్గర్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, కాగితంలో ఏం రాయించాడో అదే.

కొమురెల్లి అంతా విన్నాడు. దవడలు బిగుసుకున్నాయి. "నువ్వు హెడ్ ఫిట్టరువు. ఇరవై ఏండ్లకెల్లి నిన్ను చూస్తున్న," అన్నాడు. "నువ్వు చెప్తే వినకపోదురా పిల్లలు? ఒక్క మాట గదా. ఒక్క మాట నీకు బరువాయెనా?"

"తప్పు నాదే తమ్మీ."

"తప్పు నీదే. కాలు నా బిడ్డది."

లోపలి నుంచి మల్లక్క రెండు గ్లాసుల్లో చాయ తెచ్చి, వాళ్ల మొహాలు చూడకుండా కింద పెట్టి వెళ్లింది. వాళ్లు తాగారు. తాగకపోతే ఇంకా బాగుండదని తాగారు.

సారలమ్మ లోపల చాప మీద పడుకుని ఉంది. కిటికీలోంచి అంతా విన్నట్టుంది. "సారూ," అని పిలిచింది. రాయమల్లు సారు, అస్గర్ ఇద్దరూ గుమ్మం దగ్గరికి వెళ్లారు.

"నేను ఎక్కి ఆడలే సారూ. పెద్దసారు గట్ల అన్నడని అవ్వ చెప్పింది. నేను ఎక్కలే. ఆరు బకెట్లు పోసినంక కట్టె కిర్రుమన్నది. ఇగ పొయ్యకుండ్రే అన్న. ఎవలు వినలే. ఒకటో తరగతోళ్లు గ్లాసులు పట్టుకుని గీడ్నే నిలబడి ఉన్నరు. వాళ్ల మీద పడ్తదని నేను భుజం ఆనిచ్చి నూకి పట్టిన."

అస్గర్ గుమ్మం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఎటు పడుతుందో చూసి, అవతలి నుంచి భుజంతో ఎదురు ఆనించింది ఆ పిల్ల. లేని ఐమూల కట్టె పని తన ఒంటితో చేసింది. పన్నెండేళ్ల పిల్ల.

"సరిగనే పట్టినవ్ బిడ్డా," అన్నాడు చివరికి. ఏం మాట అది అని తర్వాత తనకే అనిపించింది. పిల్ల మాత్రం, "మరి ఎందుకు పడె?" అని అడిగింది.

"కాలు నడవనియ్యి. బడికి రా. చూద్దం," అన్నాడు రాయమల్లు సారు.

నెల తిరగకుండానే సంక్షేమాఫీసు నుంచి మెమో వచ్చింది. శనివారాల శిక్షణ ఆపేశారు. అస్గర్ ఇకపై వర్క్‌షాపు దాటి వెళ్లకూడదు. సంజాయిషీ ఇవ్వాలి. ఆఫీసరు మందలించడానికి కూడా ఓపిక లేనివాడిలా, "ఊకె సంతకం పెట్టి ఉంటే అయిపోయేటిది కదయ్యా," అన్నాడు. రాయమల్లు సారుకు పైనుంచి హెచ్చరిక వచ్చింది గాని ఉద్యోగం పోలేదు. మిగిలిన నలుగురు పంతుళ్లలో ముగ్గురు పనిముట్లు వాపసు పంపించేశారు. పంపకుండా ఉంచుకున్న ఒకామె, నుస్రత్ బేగం అనే ఉర్దూ మీడియం టీచరు, మధ్యాహ్నం భోజనాల వేళ ఒకసారి వర్క్‌షాపు గేటు దగ్గరికి వచ్చి అడిగింది. "భాయ్ సాబ్, ఎప్పుడు చెప్పాలె, ఎప్పుడు ఊకోవాలె? ఎట్ల తెలుస్తది?"

అస్గర్ చాలా ఆలోచించాడు. "వంకర పోతే ఊకోవచ్చు అమ్మా. దెబ్బ తాకుతదనుకుంటే ఊకోవద్దు. నాకు గింతే సమజయింది. గది గూడ ఆలస్యంగ."

ఏప్రిల్ మొదటి వారంలో సారలమ్మ కర్ర ఊతతో బడికి వచ్చింది. అస్గర్ తన వారపు సెలవు మార్చుకుని ఆ రోజు వెళ్లాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనీ అనలేదు. ఒరిగిన స్టాండు వరండా మూలన ఇంకా పడి ఉంది. రాయమల్లు సారు పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి, "ఇది ఎందుకు పడ్డదో నాకు చెప్పుండ్రి. ఎవలది తప్పు అని అడుగుతలేను. ఎందుకు పడ్డది?" అన్నాడు. మేకులు తుప్పు పట్టాయన్నారు కొందరు, నేల ఎత్తుపల్లంగా ఉందన్నారు కొందరు. ఆయన చీపురు పుల్లలు, వాల్‌ట్యూబు ముక్కలు పంచాడు. ఈసారి ఏం కనిపించాలో ముందుగా చెప్పలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా పిల్లలు చదరాలను నెట్టుకుంటూ, ఒరగబెట్టుకుంటూ కూర్చున్నారు. అస్గర్ స్తంభానికి ఆనుకుని కింద కూర్చున్నాడు, నడుము లాగుతోంది. అయిదో ఆరో గుంపుల పిల్లలు దాదాపు ఒకేసారి ఐమూల పుల్ల వేసి అరిచారు. సారలమ్మ అరవలేదు. పుల్లను తీసి, ఇంకోవైపు వేసి, మళ్లీ తీసి చూస్తూ ఉంది.

కొత్త స్టాండుకు నాలుగు వైపులా ఐమూల కట్టెలు వేశారు. ఒక కట్టె చీలికను చూసి అస్గర్, "అది వద్దు, చీలుతది," అని అక్కడికక్కడే చెప్పాడు. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. వేరే కట్టె తెచ్చారు. పిల్లలను పది అడుగుల అవతల నిలబెట్టి, పెద్దవాళ్లిద్దరే పై బద్దల మీద ఇటుకలు ఒక్కొక్కటి పేర్చారు. వంద దాటాక రాయమల్లు సారు ఆయాసంతో మెట్ల మీద చతికిలబడ్డాడు. స్టాండు కదల్లేదు. చప్పట్లు కొట్టాలని పిల్లలకు తోచలేదు. ఇటుకలు దింపడానికి ఆ పూట ఎవరికీ ఓపిక లేకపోయింది.

అయినా ఆగయ్య సారు డ్రమ్ము ఎక్కించనివ్వలేదు. "నా తోటి గాదు," అన్నాడు. ఎండాకాలం సెలవులొచ్చాయి. రాయమల్లు సారుకు నస్పూరుకు బదిలీ కాగితం వచ్చింది. గోదావరి దాటి రోజూ బస్సులో రాకపోకలు. చివరి రెండేళ్లు అట్లా గడవాలన్నమాట. శిక్షో, మామూలు బదిలీయో ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు అస్గర్ బస్టాండు దాకా వెళ్లి ఆయన సంచి పైకి అందించాడు. "ఆడ గూడ నీళ్ల డ్రమ్ము ఉంటది భాయ్," అన్నాడాయన కిటికీలోంచి. నవ్వాడో లేదో తెలియలేదు, బస్సు కదిలింది.

వానాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం అస్గర్ నడుముకు మందు కోసం దవాఖానకు వెళ్లాడు. చీటీ రాయించుకునే వరసలో మల్లక్క, పక్కన సారలమ్మ. పాదం చూపించుకోవడానికి వచ్చారు. కర్ర లేదు గాని పిల్ల కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తోంది. అది ఇక అట్లాగే ఉంటుందని కిందటిసారి డాక్టరు చెప్పాడని మల్లక్క అంది. కోపం లేకుండా, ఓదార్పూ లేకుండా, వాన పడుతోందని చెప్పినట్టే చెప్పింది. అస్గర్ తల వంచుకున్నాడు.

"సారూ," అంది సారలమ్మ. "పెద్దసారు డ్రమ్ము ఎక్కిచ్చిండు. బడి తెరిచిన తెల్లారే ఇటుకలన్ని దింపిచ్చి ఎక్కిచ్చిండు. ఎవలకు చెప్పలే. ముందుగాల ఆయినే భుజంతోటి నూకి చూసిండు."

"నిలబడ్డదా?"

"నిలబడ్డది. కని నల్లా కారుతంది. వాషరు మార్చినం, మళ్ల కారుతంది. వరండ అంత బురద. ఒకటో తరగతోళ్లు జారి పడుతున్నరు."

అస్గర్ వరస వైపు చూశాడు. తన ముందు ఇంకా ఇరవై మంది ఉన్నారు. కాళ్లు పీకుతున్నాయి, నడుము అసలే నిలబడనివ్వడం లేదు. బెంచీ చివర ఇంత జాగా ఉంటే మెల్లగా కూర్చుని, చేతిలోని పాత మందుల చీటీని వెనక్కి తిప్పాడు.

"ఏ సైజు వాషరు వేసిన్రు? గీసి చూపెట్టు," అన్నాడు.

పిల్ల అతని జేబులోని పెన్ను అడిగి తీసుకుంది.